పాలీఫినాల్స్: మేలు ఉంటే, అది ఏ దారిన వస్తోంది?

2004లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యాపిళ్ల మీద చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. ఆరోగ్యవంతులైన కొద్దిమంది చేత ఐదేసి యాపిళ్లు తినిపించి, ఆ తరువాతి గంటల్లో వారి రక్తాన్ని పరీక్షిస్తే, దానిలోని యాంటీఆక్సిడెంట్ శక్తి స్పష్టంగా పెరిగింది. యాపిళ్లలో పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు పుష్కలంగా ఉంటాయి కాబట్టి ఆ ఘనత వాటిదేనని అనుకోవడం సహజం. అయితే ఆ యాపిళ్లలో ఉన్నంత ఫ్రక్టోజ్ చక్కెరను మాత్రమే నీళ్లలో కలిపి తాగించినప్పుడు కూడా రక్తంలో అదే మార్పు కనిపించింది. ఫ్రక్టోజ్‌ను కాలేయం విచ్ఛిన్నం చేసే క్రమంలో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. రక్తంలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్లలో యూరిక్ ఆమ్లం చాలా పెద్దది. పరీక్షలో తేలిన శక్తి యాపిల్ పాలీఫినాల్స్‌ది కాదు, చక్కెర పుట్టించిన యూరిక్ ఆమ్లానిది.

ఈ ఫలితాన్ని బట్టి యాపిల్ వల్ల ప్రయోజనం లేదని చెప్పడం పొరపాటవుతుంది. మొక్కల నుంచి వచ్చే పాలీఫినాల్స్ వల్ల మేలు జరుగుతోందనడానికి, ముఖ్యంగా గుండె, రక్తనాళాల విషయంలో, చెప్పుకోదగిన ఆధారాలున్నాయి. ఆ మేలుకు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన కారణమే నిలబడడం లేదు. కారణం తప్పయితే మోతాదు, రూపం, ఎవరికి పనికొస్తుందన్న అంచనా అన్నీ తప్పుతాయి. ఈ పదార్థాల పేరుతో సాగుతున్న ప్రచారంలో, వ్యాపారంలో ఎక్కువ భాగం ఆ పాత కారణం మీదే నడుస్తున్నందున దీన్ని కొంత విడమరిచి చూడవలసి ఉంది.

పాలీఫినాల్స్ ఒక పదార్థం కాదు, ఒక పెద్ద రసాయన కుటుంబం. ఇంతవరకు ఎనిమిది వేలకు పైగా నిర్మాణాలను గుర్తించారు. వీటిలో సగానికి పైగా ఫ్లేవనాయిడ్లు: టీ, కోకోలలోని కాటెకిన్లు, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, నేరేడు రంగు పండ్లకు ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు, నారింజ జాతి పండ్లలోని ఫ్లేవనోన్లు, సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈ కోవలోకి వస్తాయి. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లం ఫినాలిక్ ఆమ్లాల తరగతిది. ద్రాక్ష తొక్కలోని రెస్‌వెరట్రాల్ స్టిల్బీన్ల తరగతిది, అవిసె గింజల్లో ఉండేవి లిగ్నాన్లు. వీటన్నిటినీ మొక్కలు ప్రధానంగా షికిమిక్ ఆమ్ల మార్గం ద్వారా తయారుచేసుకుంటాయి. జంతువుల్లో ఆ మార్గమే లేదు. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి, శిలీంధ్రాలను అడ్డుకోవడానికి, ఆకు తినే జీవికి నోరు వగరు చేసి వెనక్కి పంపడానికి మొక్క వీటిని వాడుకుంటుంది. మనిషి ఆరోగ్యం కోసం తయారైనవేమీ కావు. తిన్న జీవిని ఇబ్బంది పెట్టడం కూడా వీటి పనుల్లో ఒకటన్న విషయం ముందు ముందు మళ్లీ అవసరమవుతుంది.

వీటికి పోషక హోదా ఇవ్వాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1936లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ, ఆయన సహచరుడు ఇస్త్వాన్ రుస్న్యాక్ నిమ్మ జాతి పండ్ల నుంచి తీసిన ఫ్లేవనాయిడ్లు సూక్ష్మ రక్తనాళాల నుంచి రక్తం కారడాన్ని తగ్గిస్తున్నాయని గమనించి, వాటికి విటమిన్ పి అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే సెంట్-జ్యోర్జీకి విటమిన్ సి తదితర పరిశోధనలకు నోబెల్ బహుమతి వచ్చింది గాని, విటమిన్ పి నిలబడలేదు. ఒక పదార్థాన్ని విటమిన్ అనాలంటే అది లేకపోతే నిర్దిష్టమైన లోపవ్యాధి రావాలి. ఫ్లేవనాయిడ్లు లేకపోయినా అలాంటి వ్యాధి ఏదీ కనిపించనందున 1950ల నాటికి ఆ పేరును వదిలేశారు. పాలీఫినాల్స్ స్థానం ఇప్పటికీ అక్కడే ఉంది. లేకపోతే ప్రాణం పోదు, ఉంటే దీర్ఘకాలంలో కొంత మేలు జరగవచ్చు. ఇలాంటి మేలును నిరూపించడం లోపవ్యాధిని నిరూపించడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

1990లలో యాంటీఆక్సిడెంట్ సిద్ధాంతం ఈ రంగాన్ని ముంచెత్తింది. శరీరంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే అస్థిరమైన అణువులు కణాలను దెబ్బతీస్తాయి, పాలీఫినాల్స్ వాటిని పట్టి నిర్వీర్యం చేస్తాయి, కాబట్టి జబ్బులు తగ్గుతాయి అన్నది దాని సారాంశం. పరీక్షనాళికలో ఇది అక్షరాలా నిజం. ఏ ఆహారానికి ఎంత శక్తి ఉందో కొలిచే ఒరాక్ అనే సూచిక పుట్టుకొచ్చింది, దాని అంకెలు ఆహార పొట్లాల మీదికి ఎక్కాయి. అయితే పరీక్షనాళికలో వాడే గాఢత లీటరుకు పదుల, వందల మైక్రోమోల్‌లలో ఉంటుంది. పాలీఫినాల్స్ బాగా ఉన్న ఆహారం తిన్నాక కూడా రక్తంలో ఒక్కో పాలీఫినాల్ గాఢత సాధారణంగా ఒక మైక్రోమోల్ దాటదు, అదీ కొద్ది గంటలపాటే. అదే రక్తంలో యూరిక్ ఆమ్లం 200 నుంచి 400 మైక్రోమోల్‌ల దాకా ఎప్పుడూ ఉంటుంది. అంత పెద్ద నిల్వ పక్కన ఈ కొసరు చేర్చగలిగేది నామమాత్రం. ఒరాక్ అంకెలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం ఉన్నట్లు ఆధారం లేదనీ, వాటిని ప్రచారానికి దుర్వినియోగం చేస్తున్నారనీ చెబుతూ అమెరికా వ్యవసాయ శాఖ తన ఒరాక్ పట్టికను 2012లో ఉపసంహరించుకుంది.

ప్రయోగశాల ఫలితాల్లో మరో చిక్కు కూడా ఉంది. కణాలను పెంచే పోషక ద్రవంలో కాటెకిన్ల వంటి పాలీఫినాల్స్‌ను కలిపినప్పుడు అవి ఆ ద్రవంలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. క్యాన్సర్ కణాలు చనిపోయాయని రాసిన ప్రయోగాల్లో కొన్నింటిలో వాటిని చంపింది పాలీఫినాల్ కాదు, పాత్రలో పుట్టిన ఆ పెరాక్సైడ్. ఫలానా ఆకురసం క్యాన్సర్ కణాలను చంపిందన్న వార్త చదివినప్పుడల్లా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలావరకు సరిపోతుంది.

అసలు ఈ పదార్థాలు మింగిన తరువాత ఏమవుతాయన్నదే ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. క్వెర్సెటిన్‌నే తీసుకుంటే, ఉల్లిపాయలో అది గ్లూకోజ్‌కు అతుక్కుని ఉంటుంది; రూటిన్ అనే మరో రూపంలో వేరే చక్కెరల జంటకు అతుక్కుని ఉంటుంది. 1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు, శస్త్రచికిత్సలో పెద్దపేగు తొలగించిన వారి మీద చేసిన పరీక్షల్లో ఉల్లిపాయ నుంచి దాదాపు 52 శాతం, రూటిన్ నుంచి 17 శాతం క్వెర్సెటిన్ మాత్రమే శోషణమైనట్లు లెక్కగట్టారు. అణువు ఒక్కటే అయినా దానికి అతుక్కున్న చక్కెర మారితే లెక్క మూడింతలు మారిపోయిందన్నమాట. శోషణమైన భాగం కూడా అదే రూపంలో రక్తంలో తిరగదు. పేగు గోడ, కాలేయం దాన్ని పరాయి పదార్థంగానే చూసి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో, సల్ఫేట్‌నో తగిలించి మూత్రం ద్వారా బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. అంటే కణాల దగ్గరికి చేరేది ఆహారంలో ఉన్న పాలీఫినాల్ కాదు, దాని నుంచి తయారైన మరో పదార్థం. పరీక్షనాళికలో మాత్రం చాలాకాలం ఆహారంలోని అణువునే పరీక్షిస్తూ వచ్చారు.

అన్ని రకాలనూ కలిపి చూస్తే మిగిలేదే పెద్ద వాటా: తిన్న పాలీఫినాల్స్‌లో దాదాపు 90 శాతం, చిన్నపేగులో శోషణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. ఒకప్పుడు దాన్ని వృథా అనుకున్నారు. ఇప్పుడు అసలు కథ అక్కడే మొదలవుతుందని భావిస్తున్నారు. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఈ పెద్ద అణువులను ముక్కలు చేసి చిన్న ఫినాలిక్ ఆమ్లాలుగా మారుస్తుంది. అవి రక్తంలోకి తేలికగా చేరి, తిన్న మరునాటి దాకా కూడా నిలుస్తాయి. దానిమ్మ, వాల్‌నట్లు, కొన్ని బెర్రీ పండ్లలోని ఎల్లాజిటానిన్ల నుంచి యూరోలిథిన్ అనే పదార్థాలు తయారయ్యేది కూడా ఇలాగే. సోయాలోని డైడ్జీన్ నుంచి ఈక్వాల్ అనే, ఈస్ట్రోజెన్‌ను కొంత పోలిన పదార్థం పుడుతుంది. అయితే ఈ మార్పు చేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. ఈక్వాల్ తయారుచేసుకోగలిగేవారు పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరు, మహా అయితే ముగ్గురిలో ఒకరు. జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాల్లో సగం మందికి పైగా. యూరోలిథిన్ల విషయంలోనూ కొందరు ఒక రకాన్ని, కొందరు ఇంకో రకాన్ని తయారుచేసుకుంటారు, కొందరు ఏదీ తయారుచేసుకోలేరు. ఒకే పండును ఇద్దరు తింటే ఇద్దరి శరీరాలకు అందేవి రెండు వేర్వేరు పదార్థాలు కావచ్చు. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇది ఒక బలమైన కారణంగా కనిపిస్తుంది.

ఇంత తక్కువ గాఢతలో ఇవి పని చేస్తున్నాయంటే, రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకోవడం కాకుండా కణాలకు సంకేతాలు ఇవ్వడం ద్వారా చేస్తూ ఉండాలి. కోకోలోని ఎపికాటెకిన్ విషయంలో ఈ మార్గం బాగా తెలిసింది. అది, దాని మారు రూపాలు రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ లభ్యతను పెంచుతాయి, దానితో నాళం వదులై రక్తప్రవాహం మెరుగవుతుంది. దీన్ని చేతి ధమని వ్యాకోచాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి చూడవచ్చు. కోకో తీసుకున్న ఒకటి రెండు గంటల్లోనే ఆ తేడా కనిపిస్తుంది. మరికొన్ని పాలీఫినాల్స్ ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మేల్కొలిపి, కణం తన సొంత రక్షణ ఎంజైములను తయారుచేసుకునేలా చేస్తాయి. తిన్న జీవిని ఇబ్బంది పెట్టే పదార్థం కాబట్టే కణం అలా అప్రమత్తమవుతోందన్న వివరణ దీనికి బాగా నప్పుతుంది. పేగులో పిండి పదార్థాలను జీర్ణం చేసే ఎంజైములను నెమ్మదింపజేసి, భోజనం తరువాత చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా చూడడం మరో మార్గం; దీనికి శోషణతో పనే లేదు.

మనుషుల్లో ఆధారాల సంగతికి వస్తే, చర్చ మొదలైంది 1993లో వెలువడిన నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ అధ్యయనంతో. 65 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 805 మంది పురుషులను ఐదేళ్లు గమనిస్తే, ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తీసుకున్న వర్గంలో గుండెజబ్బు మరణాల ముప్పు తక్కువ తీసుకున్న వర్గంలో కంటే సగానికి పైగా తగ్గి ఉంది. వారికి ఫ్లేవనాయిడ్లు అందిన ప్రధాన మార్గాలు టీ, ఉల్లిపాయలు, యాపిళ్లు; ఒక్క టీ నుంచే 61 శాతం. నాలుగేళ్ల తరువాత అదే పరిశోధకుడు మైఖేల్ హెర్టాగ్ వేల్స్‌లోని కేర్‌ఫిలీ పట్టణ పురుషుల మీద అదే పద్ధతిలో లెక్కలు తీస్తే గుండెకు మేలు కనిపించలేదు సరికదా, టీ ఎక్కువ తాగినవారిలో మరణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయి. రెండు చోట్లా టీయే అయినా, వేల్స్‌లో టీ ఎక్కువగా తాగినవారి మిగతా జీవనశైలి ఆరోగ్యానికి అంత అనుకూలమైనది కాదు. గమనించి రాసే అధ్యయనాల్లో తాగిన పానీయాన్ని, తాగిన మనిషి బతుకు తీరును విడదీయడం ఎంత కష్టమో చూపడానికి ఈ రెండింటి కంటే మంచి జత దొరకడం అరుదు.

ఏం తిన్నారని అడిగి రాసుకోవడం కాకుండా మూత్రంలో కాటెకిన్ల ఆనవాళ్లను కొలిచే పద్ధతి వచ్చాక లెక్కలు కొంత గట్టిపడ్డాయి. ఇంగ్లండ్‌లోని నార్‌ఫక్‌లో 25 వేల మందికి పైగా మనుషుల మీద ఇలా చేసి 2020లో ప్రచురించిన ఫలితాల్లో, అత్యధికంగా ఫ్లేవనాల్స్ (కాటెకిన్లు, వాటి కోవలోని పదార్థాలు) అందిన పదిశాతం మందికీ, అత్యల్పంగా అందిన పదిశాతం మందికీ మధ్య పై రక్తపోటులో దాదాపు రెండు పాయింట్ల తేడా కనిపించింది. కోకో మీద 35 ప్రయోగాలను కలిపి 2017లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో తేలిన తగ్గుదల కూడా సుమారు 1.8 పాయింట్లే. ఒక వ్యక్తికి ఇది మందుకు బదులు కాగలిగినంత తేడా కాదు. జనాభా మొత్తానికి వర్తిస్తే పక్షవాతం, గుండెపోటు లెక్కల్లో కనిపించే తేడా. వేర్వేరు పద్ధతులు ఇంచుమించు ఒకే అంకె దగ్గర కలవడం మాత్రం ఈ రంగంలో అరుదైన విషయం. ఆలివ్ నూనె విషయంలో 2006లో వచ్చిన యూరోలివ్ ప్రయోగం కూడా పేర్కొనదగినది: 200 మంది పురుషులకు పాలీఫినాల్స్ తక్కువ, మధ్యస్థం, ఎక్కువగా ఉన్న మూడు రకాల నూనెలను మూడేసి వారాలపాటు ఇస్తే, మోతాదు పెరిగిన కొద్దీ మంచి కొలెస్ట్రాల్ కొద్దిగా పెరిగింది, చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణ తగ్గింది. కొవ్వు ఒకటే కాబట్టి తేడా పాలీఫినాల్స్‌దేనని చెప్పవచ్చు.

వీటన్నిటి కంటే పెద్ద పరీక్ష అమెరికాలో జరిగిన కాస్మోస్. 60 ఏళ్లు దాటిన 21,442 మందిలో కొందరికి రోజుకు 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న కోకో సారాన్ని, కొందరికి ఉత్తుత్తి మాత్రలను సగటున మూడున్నరేళ్లకు పైగా ఇచ్చారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, ముందుగా లక్ష్యంగా పెట్టుకున్న మొత్తం గుండె, రక్తనాళాల సమస్యలు 10 శాతం తగ్గాయి గాని, అది యాదృచ్ఛికం కావచ్చన్న అనుమానాన్ని దాటలేదు. గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించిన మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. ప్రచారంలోకి వచ్చింది రెండో అంకె. నిబంధనల ప్రకారం తూచవలసింది మొదటిది. చాక్లెట్ తయారీ సంస్థ మార్స్‌కు చెందిన విభాగం ఈ ప్రయోగానికి కొంత నిధులు, కోకో మాత్రలు సమకూర్చిందన్నది కూడా చదువరి తెలుసుకోవలసిన విషయమే. జ్ఞాపకశక్తి మీద 3,562 మందితో జరిగిన దాని అనుబంధ పరీక్షలో మొత్తం మీద మేలు తేలలేదు. మొదటి నుంచీ ఆహారంలో ఫ్లేవనాల్స్ తక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది. ఇప్పటికే తగినంత తింటున్నవారికి మాత్ర వల్ల ఒరిగేది తక్కువన్న అర్థం దీనిలో ఉంది. మాత్రలు కొనేవారిలో ఎక్కువమంది సరిగ్గా ఆ బాపతే కావడం కొంత విచిత్రం.

ఒక్క అణువును వేరుచేసి అమ్మాలన్న ఆరాటం ఎక్కడికి తీసుకుపోతుందో రెస్‌వెరట్రాల్ చూపించింది. అది ఈస్ట్ ఆయుష్షును పెంచిందన్న 2003 నాటి ఫలితం, కొవ్వు ఆహారం తిన్న ఎలుకలను కాపాడిందన్న 2006 నాటి ఫలితం కలిసి ఎంత ఆశ పుట్టించాయంటే, గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ 2008లో దాని మీద పనిచేస్తున్న సిర్‌ట్రిస్ కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొనేసింది. 2010లో మజ్జ క్యాన్సర్ రోగుల మీద ప్రయోగం మూత్రపిండాల సమస్యల కారణంగా ఆగిపోయింది. ఎలుకలకు ఇచ్చిన మోతాదును మనిషి బరువుకు నేరుగా లెక్కగడితే వందల లీటర్ల రెడ్ వైన్ తాగితే గాని రాదు. వైన్ తాగే అలవాటున్న ఇటలీలోని కియాంటీ ప్రాంతంలో 783 మంది వృద్ధుల మూత్రంలో రెస్‌వెరట్రాల్ ఆనవాళ్లు కొలిచి తొమ్మిదేళ్లు గమనించినా, మరణాలతోగాని గుండెజబ్బులతోగాని, క్యాన్సర్‌తోగాని సంబంధం కనిపించలేదని 2014లో తేలింది. పసుపులోని కర్‌క్యుమిన్ పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే: అనేక ప్రయోగశాల పరీక్షల్లో అది నిజమైన ప్రభావం లేకుండానే ప్రభావం ఉన్నట్లు చూపే గుణం కలదని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి ఎత్తిచూపింది.

ఆహారం నుంచి అందే మోతాదుకే మద్దతు దొరుకుతోంది. అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2022లో ఫ్లేవనాల్స్‌ను రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు తీసుకోవచ్చని సూచించినప్పుడు, అది ఆహారం ద్వారా తీసుకోవడానికి చేసిన సూచనే గాని మాత్రలకు కాదని స్పష్టంగా చెప్పింది. అయితే ఆహారంలో ఉన్నదంతా నోటిదాకా చేరుతుందన్న భరోసా లేదు. చేదు తగ్గించడానికి కోకోను క్షారంతో శుద్ధి చేస్తే ఫ్లేవనాల్స్‌లో అధిక భాగం పోతుంది. కోసిన యాపిల్ నల్లబడడానికి కారణమైన ఎంజైము అరటిపండులో చాలా ఎక్కువ. ఫ్లేవనాల్స్‌ను అరటిపండుతో కలిపి రుబ్బి తాగినప్పుడు, మాత్రగా తీసుకున్నప్పటి కంటే రక్తంలోకి చేరినవి 84 శాతం తగ్గినట్లు 2023లో ఒక చిన్న ప్రయోగం చూపింది.

గాఢమైన సారాల విషయంలో జాగ్రత్త అవసరం. ఆకుపచ్చ టీ తాగేవారికి రోజుకు సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఈజీసీజీ అనే కాటెకిన్ అందుతుంది, దానితో సమస్య లేదు. అదే పదార్థాన్ని మాత్రలుగా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్లు యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. మందులతో పొత్తు కుదరకపోవడం మరో సమస్య. రక్తపోటుకు వాడే నాడోలాల్ అనే మందును, రెండు వారాలపాటు ఆకుపచ్చ టీ తాగినవారికి ఇస్తే రక్తంలో దాని మోతాదు 85 శాతం పడిపోయింది. మందుల శోషణను పెంచే గ్రేప్‌ఫ్రూట్ రసం విషయంలో మొదట అనుమానించింది కూడా ఒక ఫ్లేవనాయిడ్‌నే. అసలు దోషులు ఆ రసంలోనే ఉన్న ఫ్యూరనోకౌమరిన్లనే వేరే పదార్థాలని తరువాత తెలిసింది.

ఇనుము సంగతి వేరే చెప్పుకోవాలి. టీ, కాఫీలలోని పాలీఫినాల్స్ మొక్కల ఆహారంలోని ఇనుమును పేగులోనే పట్టేసి శోషణను బాగా తగ్గిస్తాయి. రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పాటిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. విటమిన్ సి ఉన్న ఆహారం కూడా తోడ్పడుతుంది. శరీరంలో ఇనుము అవసరానికి మించి పేరుకుపోయే హీమోక్రోమటోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నవారి లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. అలాంటి రోగులు ఏడాదిపాటు భోజనంతో పాటు బ్లాక్ టీ తాగితే ఇనుము పేరుకునే వేగం తగ్గినట్లు 1998లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది.